పరుగువీరుడు డిమార్

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యభాగమున, అట్లాంటిక్ మహాసముద్ర తీరమందు బోస్టన్ నగరము కలదు. 1775వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన ఆ నగర సమీపముననే అమెరికా స్వాతంత్ర్య సమరము ఆరంభమయ్యెను. ఆ దినమును అచ్చటివారు దేశభక్తుల దినమని పిలిచి ఏటేట పండుగ చేసికొందురు. ఆ పండుగనాడు పల్లెపట్టుల నుండి నగరమునకు వచ్చు రహదారికి ఇరుప్రక్కల జనులు గుంపులు గూడి నిలుచుందురు. వారు చూడవచ్చునది సైన్యముల కవాతు కాదు, రథోత్సవమును కాదు. కాలినడక బాటలపై చెమటలు గ్రక్కుచు పరుగెత్తివచ్చు మనుష్యులను చూచుటకు వారు వత్తురు. అదియే బోస్టన్ మారథాన్ పందెము.

పూర్వము గ్రీకులు పారసీకులను మారథాన్ మైదానమున ఓడించినపుడు ఒక వార్తాహరుడు ఏథెన్సు నగరము వరకు పరుగెత్తి, విజయవార్త చెప్పి ప్రాణములు విడిచెనని ఒక కథ కలదు. ఆ కథను పురస్కరించుకొని 1896లో ఏథెన్సు నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో తొలిసారిగా మారథాన్ పరుగు నేర్పాటు చేసిరి. బోస్టన్ వ్యాయామ సంఘమువారు కొందరు ఆ క్రీడలకు పోయి, దానిని కన్నులార చూచి, తమ యూర నట్టి పందెము జరుపవలెనని సంకల్పించిరి. మరుసటి సంవత్సరమే, అనగా 1897 ఏప్రిల్ 19న, మొదటి పందెము జరిగెను. నాడు పరుగెత్తినవారు 15 మంది మాత్రమే.

ఆ పందెములో నెగ్గినవానికి ధనము నిచ్చు ఆచారము చిరకాలము లేదు. పతకమో, పాత్రయో బహుమానముగా లభించెడిది. జనుల చప్పట్లు లభించెడివి. అందు పరుగెత్తువారు వడ్రంగులు, గుమాస్తాలు, గొట్టములు బిగించు పనివారు, విద్యార్థులు. వారమంతయు తమ తమ పనులు చేసికొని, తీరిక దొరకిన వేళల అభ్యాసము చేసి, తమ పేటలోని వ్యాయామ సంఘము పక్షమున బరిలోనికి దిగువారు. ఇట్లు జీవనోపాధి కొరకు గాక ఇష్టము కొలది ఆడువానిని ఔత్సాహికుడందురు. అట్టి ఔత్సాహికులలో అగ్రగణ్యుడు క్లారెన్సు డిమార్. అతడు వృత్తిచేత అచ్చుకూటములో కంపోజిటరు.

డిమార్ 1888 జూన్ 7వ తేదీన ఒహాయో రాష్ట్రమున జన్మించెను. బాల్యముననే తండ్రి మరణించెను. సంసారభారము తల్లిపై బడెను. ఆమె పిల్లలను వెంటగొని మసాచుసెట్సు రాష్ట్రమునకు వలసవచ్చెను. పేదరికము వలన కుమారుని పోషించుట దుర్ఘటమై, బోస్టన్ రేవులోని ఒక చిన్న ద్వీపమున గల పాఠశాలలో వానిని చేర్చెను. ఆ పాఠశాలలో పేద బాలురకు చదువుతోపాటు వ్యవసాయము, చేతిపనులు నేర్పెడివారు. డిమార్ అచ్చట ముద్రణపని నేర్చెను. ఆ విద్యయే వానికి జీవితాంతము అన్నము పెట్టినది.

ఆ దినములలో కంపోజిటరు పని యెట్టిదో తెలిసికొనుట అవసరము. నేటివలె యంత్రము మీట నొక్కినంతనే అక్షరము తెరమీద కనబడు కాలము కాదది. సీసపు అక్షరములను గళ్లపెట్టెలో నుండి ఒక్కొక్కటిగా తీసి, తలక్రిందులుగా కనబడు వానిని వరుసగా కూర్చి, పంక్తులు సరిచూచి పేజీ కట్టవలెను. గంటల తరబడి ఆ గళ్లపెట్టె ముందర నిలుచుండవలెను. తొందరపడినవాని చేతి పని తప్పుల కుప్ప యగును. నిలుకడ, ఓరిమి, ఒక్కొక్క అక్షరముపై దృష్టి ఈ పనికి ప్రాణములు. దూరపు పరుగునకును ఇవియే ప్రాణములని డిమార్ పిమ్మట తెలిసికొనెను.

యౌవనమున అతడు వెర్మాంటు విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట పొలముల మీదుగా పరుగెత్తు పందెములలో పాల్గొని, తనకు వేగముకన్న ఓర్పు మిక్కుటముగా కలదని గ్రహించెను. తక్కువ దూరములలో తన్ను దాటిపోవువారు దూరము హెచ్చిన కొలది వెనుకబడుచుండిరి. కాని తల్లికి ఆసరా కావలసి వచ్చుటచే చదువు విడిచి, మరల అచ్చుకూటమున పనికి కుదిరెను. పని విడువలేదు, పరుగును విడువలేదు. 1910లో తొలిసారి బోస్టన్ మారథాన్ పందెమున పరుగెత్తి రెండవ స్థానము పొందెను.

మరుసటి సంవత్సరము, 1911 ఏప్రిల్ 19న, వాని జీవితమున మరువరాని ఘటన జరిగెను. పందెమునకు ముందు వైద్యులు పోటీదారుల నందరిని పరీక్షించుట అప్పటి నియమము. డిమార్ వంతు వచ్చినది. వైద్యుడు వాని రొమ్ముపై పరీక్షాయంత్రము నానించి వినెను. గుండె చప్పుడులో ఏదియో అసహజమైన ధ్వని వినబడెను. వైద్యులు దానిని హృద్దోషముగా భావించిరి. త్రోవలో అలసట తోచినచో వెంటనే విరమింపుమనియు, ఈ పందెము పిదప పరుగు మానివేయుట మేలనియు వానికి బుద్ధి చెప్పిరి.

అప్పటికి వాని వయస్సు 22 సంవత్సరములు. ఎంతయో కాలము అభ్యాసము చేసి, తీరా పందెపు గీత ముందర నిలిచిన క్షణమున ఇట్టి మాట వినిన యువకుని మనసు ఎట్లుండును? డిమార్ బయలుదేరెను. త్రోవ పొడవునను తన దేహమును తానే పరీక్షించుకొనుచు పరుగెత్తెను. అలసట వచ్చినది, కాని అది అంతకుముందు ఎరిగిన అలసటయే. ఒక్కొక్కరిని దాటుచు ముందునకు సాగి, 2 గంటల 21 నిమిషముల 39 సెకండ్లలో గమ్యము చేరెను. ఆ బాటపై అంతకు ముందెవ్వరును అంత శీఘ్రముగా పరుగెత్తియుండలేదు. ఏ హృదయము చెడినదని వైద్యులు శంకించిరో, ఆ హృదయముతోనే అతడు పందెము గెలిచెను.

వైద్యుల మాట వట్టి బెదిరింపు అనరాదు. ఆ కాలమున శాస్త్రజ్ఞులలో పెక్కురి నమ్మకమే యది. కఠినమైన వ్యాయామము చేయువారి గుండె పెరుగునని వారు కనిపెట్టిరి. పెరిగిన గుండె రోగగ్రస్తమైన గుండెయే యని తలచిరి. యంత్రము అధికముగా వాడిన కొలది అరిగిపోవునట్లు, హృదయమును అధికశ్రమచే అరిగిపోవునని పలువురి భావన. పరుగువీరులు అల్పాయుష్కులని జనవాక్యము. ఇది నిజమా, కాదా యని తేల్చుటకు అప్పటికి తగిన సాధనములు లేవు.

1912లో డిమార్ స్టాక్‌హోమ్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు పోయి, మారథాన్ పరుగులో 12వ స్థానము పొందెను. ఆ తరువాత బోస్టన్ పందెమునకు చాలకాలము దూరమయ్యెను. వైద్యుల హెచ్చరిక వాని మనసును వీడలేదు. అదియుగాక, పందెములలో గెలుపునకై వెంపరలాడుట ధర్మమేనా యని దైవభక్తుడైన ఆ యువకుడు తన్ను తాను ప్రశ్నించుకొనెను. సగములో విడిచిన చదువును పూర్తిచేయవలెనను కోరికయు కలదు. పగలు పనిచేయుచు చదివి, 1915లో హార్వర్డు విశ్వవిద్యాలయము నుండి పట్టము పొందెను. 1917లో ఒక్కసారి బోస్టన్ పందెమున పరుగెత్తి మూడవవాడుగా వచ్చెను. మరల కొన్ని యేండ్లు ఆ బాటపై కనబడలేదు.

లోకులు వానిని మరచిరి. కాని అతడు పరుగును మరువలేదు. ఇంటినుండి అచ్చుకూటమునకు, అచ్చుకూటమునుండి ఇంటికి పరుగెత్తిపోవుట వాని కలవాటయ్యెను. అభ్యాసమునకు వేరుగ కాలము చిక్కనివానికి పనికిపోవు దారియే వ్యాయామశాల. తగిన దూరమును ప్రతిదినము పరుగెత్తుట, దేహము చెప్పినట్లు వినుట, మరునాడు మరల పరుగెత్తుట: ఇదియే వాని సాధన. దినదినమును పరుగెత్తుచున్నను తన గుండె తన్ను బాధింపలేదు. ఇట్లు పది సంవత్సరముల అనుభవము వైద్యుల శంకకు నెమ్మదిగా సమాధానము చెప్పజొచ్చెను.

1922లో మెల్రోజు పట్టణపు మాజీ సైనికుల సంఘము పక్షమున డిమార్ తిరిగి బోస్టన్ బరిలో నిలిచెను. వయస్సు 33 సంవత్సరములు. తొలి విజయము పొంది 11 సంవత్సరములు గడిచెను. ఆనాడు అతడు 2 గంటల 18 నిమిషముల 10 సెకండ్లలో గమ్యము చేరి ప్రథముడయ్యెను. 22 ఏండ్ల ప్రాయమున తాను పరుగెత్తిన కాలముకన్న ఇది సుమారు మూడున్నర నిమిషములు తక్కువ. గుండె అరిగిపోయినవాడు ఇట్లు పరుగెత్తగలడా?

1923లోను, 1924లోను అతడే మరల గెలిచెను. ఈ పందెపు దూరము తొలుత సుమారు 24న్నర మైళ్లుగా నుండెను. ఒలింపిక్ పందెపు దూరమునకు సరిపడునట్లు 1924లో ప్రారంభస్థానమును వెనుకకు జరిపి హాప్‌కింటన్ గ్రామమునకు మార్చిరి. తిరిగి కొలువగా కొంత లోటు కనబడుటచే 1927లో దానిని సరిచేసి, 26 మైళ్ల 385 గజములుగా స్థిరపరచిరి. అనగా 42 కిలోమీటర్లకు పైమాట. సుమారు 17 మైళ్లు పరుగెత్తి కాళ్లలో సత్తువ తగ్గిన వేళ, న్యూటన్ పట్టణము చెంత వరుసగా మిట్టలు ఎదురగును. ఆరంభమున ఉత్సాహముతో బలమంతయు వెచ్చించినవారు ఆ మిట్టలయొద్ద నడకకు దిగుదురు. డిమార్ తన బలమును పొదుపరివలె వాడుకొని ఆ మిట్టలను దాటెడివాడు.

1924 వేసవిలో పారిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. 36 సంవత్సరముల వయస్సున డిమార్ మారథాన్ పరుగులో మూడవ స్థానము గెలిచి కంచు పతకము పొందెను. పతకముతో ఇల్లు చేరిన పిమ్మట మరల గళ్లపెట్టె ముందర నిలిచి అక్షరములు కూర్చవలసినదే. దానికి అతడు చింతింపలేదు. ఆదివారములందు దేవాలయమున పిల్లలకు ధర్మపాఠములు చెప్పెడివాడు.

డిమార్ దోషరహితుడని చెప్పరాదు. మాట కరకు. ముక్కుమీద కోపము. పరుగెత్తునపుడు అడ్డము వచ్చినవారిని, పలుకరింపబోయినవారిని సహింపలేకుండెను. అట్టివారిపై చేయిచేసికొన్న సందర్భములును కలవు. దూరపు బాటపై ఓర్పునకు పేరుపడ్డవాడు మనుష్యులతోడి వ్యవహారమున ఆ ఓర్పును చూపలేకపోయెను. ఒకచోట అలవడిన గుణము మరియొకచోట తనంతట రాదు. దానినిగూడ వేరుగ సాధింపవలెను.

ఇంతలో శాస్త్రజ్ఞుల దృష్టి వానిపై బడెను. 1920 తరువాతి దశకమున హార్వర్డు విశ్వవిద్యాలయపు శరీరశాస్త్రజ్ఞులు వానిని పిలిపించి, కదలుచుండు పట్టీపై పరుగెత్తించి, వాని శ్వాసమును, రక్తమును పరీక్షించిరి. శ్రమ మితిమీరినపుడు కండరములలో పుట్టిన లాక్టిక్ ఆమ్లము రక్తమున హెచ్చును. ఇతరులకు ఆ ఆమ్లము పెరిగిపోవు వేగమున పరుగెత్తినను డిమార్ రక్తమున అది స్వల్పముగనే యుండెను. వాని దేహము ప్రాణవాయువును చక్కగ గ్రహించి వినియోగించుకొనుచున్నదని దీనివలన తేలెను. సంవత్సరముల సాధన దేహమును అరగదీయలేదు, దానిని తీర్చిదిద్దినది.

1927లోను, 1928లోను డిమార్ మరల బోస్టన్ పందెము గెలిచెను. 1929లో న్యూ హాంప్‌షైరు రాష్ట్రమందలి కీన్ పట్టణమునకు పోయి, అచ్చటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ముద్రణవిద్య బోధింపసాగెను. పేద బాలురతో కూడి తాను నేర్చిన విద్యను ఇపుడు ఉపాధ్యాయులు కాబోవువారికి నేర్పెను. 1930లో, 41 సంవత్సరముల వయస్సున, బోస్టన్ పందెమును ఏడవసారి గెలిచెను. పురుషులలో అంతటి వయస్సున ఆ పందెము గెలిచినవాడు నేటివరకును మరియొకడు లేడు. ఏడుసార్లు గెలిచిన పురుషుడును అతడొక్కడే.

ఏడవ విజయముతో గెలుపులు ముగిసెను, పరుగు ముగియలేదు. గెలువలేనని ఎరిగియు ఏటేట ఆ బాటకు వచ్చుచునే యుండెను. పదవవాడుగనో, ఇరువదవవాడుగనో, ఇంకను వెనుకగనో గమ్యము చేరెడివాడు. ఒకప్పుడు తన వెనుక వచ్చినవారి కుమారుల యీడువారు తన్ను దాటిపోవుచున్నను చిన్నబుచ్చుకొనలేదు. 1954లో, 65 సంవత్సరముల వయస్సున, చివరిసారిగా బోస్టన్ మారథాన్ పరుగెత్తెను. గెలుపు కొరకే పరుగెత్తువాడైనచో ఇరువదినాలుగేండ్ల క్రిందటనే మానియుండును.

తుదకు పేగులలో పుండుగా పుట్టిన క్యాన్సరు వ్యాధి వానికి సోకెను. 1958 జూన్ నెలలో, 70 సంవత్సరములు నిండిన కొలది దినములకే, డిమార్ మరణించెను. వానిని చంపినది గుండెజబ్బు కాదు.

1911లో వైద్యులు లేవదీసిన ప్రశ్నకు అప్పుడు జవాబు దొరకెను. డిమార్ మృతదేహమును పరీక్షించినపుడు వాని హృదయమునుగూడ పరిశీలించిరి. హృద్రోగ వైద్యమున ప్రఖ్యాతుడైన పాల్ డడ్లీ వైటు, ఆయన సహచరుడు జేమ్సు కరెన్సు ఆ వివరములను 1961లో ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఈ వైటు పండితుడే 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చినపుడు చికిత్స చేసినవాడు. డిమార్ గుండె దృఢముగా నుండెననియు, ఆ గుండెకు రక్తమునిచ్చు ధమనులు సామాన్యునికంటె రెండు మూడింతలు వెడల్పుగా నుండెననియు వారు వ్రాసిరి. ఇతరులకు వార్ధక్యమున ధమనులలో క్రొవ్వు పేరుకొని మార్గము ఇరుకగును. డిమార్ ధమనులలోను కొంత క్రొవ్వు చేరినదే. కాని అవి అంత విశాలముగా నుండుటచే రక్తప్రవాహమునకు అడ్డంకి కలుగలేదు.

ఒక్కని దేహమునుబట్టి లోకమందలి వారందరికి వర్తించు సూత్రము చేయరాదు. వాని ధమనులు పుట్టుకతోనే పెద్దవేమో, పరుగుచేతనే పెరిగినవో ఒక్క దృష్టాంతముతో తేలదు. కాని పరుగెత్తినంత మాత్రమున గుండె అరిగిపోవునన్న భయమునకు ఆ హృదయము గట్టి జవాబు చెప్పినది. గుండెయును ఒక కండరమే యనియు, క్రమమైన సాధనచేత అది ఒక్కొక్క కొట్టుకొనుటలో అధిక రక్తమును పంపు శక్తి సంపాదించుననియు తరువాతి పరిశోధనలు తేటపరచినవి. గుండెలో వినబడు అసహజ ధ్వనులలో హాని లేనివి కొన్ని కలవనియు, అపాయకరమైనవి కొన్ని కలవనియు నేటి వైద్యులెరుగుదురు. ఏది యెట్టిదో పరీక్షించి చెప్పగల సాధనములు నేడు కలవు. కనుక డిమార్ కథ విని వైద్యుల మాటను పెడచెవిని పెట్టుట తెలివి కాదు. ఆనాటి వైద్యులు అబద్ధమాడలేదు. వారి కాలపు జ్ఞానము అంతవరకే యుండెను. ఆ జ్ఞానమును ముందునకు జరిపినవారిలో ఒక కంపోజిటరు, ఎవరి ప్రయోగమో తానని యెరుగకయే, యాబదేండ్లు పరుగెత్తి సాయపడెను.

బోస్టన్ పందెము నేడు మిక్కిలి పెరిగినది. 1972 నుండి స్త్రీలకును అందు పాల్గొను హక్కు లభించెను. 1986 నుండి విజేతలకు ధన బహుమానము లిచ్చుచున్నారు. 15 మందితో ఆరంభమైన పందెమున నేడు సుమారు 30,000 మంది పాల్గొందురు. వారిలో బహుమానము పొందువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. మిగిలినవారందరు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, గృహిణులు. తెల్లవారుజామున లేచి, పనికి పోకముందే పరుగెత్తి, ఏడాదియంతయు సాధన చేసినవారు. వారు డిమార్ వంశీయులని చెప్పవచ్చును. కీన్ పట్టణమున వాని పేర ఒక మారథాన్ పందెము ఏటేట జరుగుచున్నది.

అచ్చుకూటమున డిమార్ కూర్చిన పేజీలు ఎక్కడ నున్నవో ఎవరును ఎరుగరు. పేజీ అచ్చుపడిన పిదప కంపోజిటరు ఆ అక్షరములను విడదీసి, మరల గళ్లలో వేసి, మరునాటి పనికి సిద్ధపరచును. డిమార్ తన గెలుపులనుగూడ అట్లే చూచెను. నిన్నటి గెలుపును నిన్నటితో విడదీసి, మరునాడు మరల మొదటి అక్షరము నుండి ఆరంభించెను.

ప్రశ్నలు

1. ఔత్సాహికుడనగా నెవడు? డిమార్ ఔత్సాహికుడని ఎట్లు చెప్పగలము?
2. 1911లో వైద్యులు డిమార్‌నకు ఏమని చెప్పిరి? వారట్లు చెప్పుటకు కారణమేమి?
3. కంపోజిటరు పనికిని, దూరపు పరుగునకును గల పోలికలను వివరింపుడు.
4. 1961లో ప్రకటింపబడిన విషయములేవి? వానివలన తేలినదేమి, తేలనిదేమి?
5. గెలువలేనని ఎరిగియు డిమార్ 1954 వరకు బోస్టన్ మారథాన్ ఏల పరుగెత్తెను? మీ అభిప్రాయమును వ్రాయుడు.